పసుపు పెనం నుంచి రియాక్టరు దాకా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కాగితం చదువుతున్నది ఒక్కరే అయినా రాసుకున్నది ముగ్గురం. ముగ్గురమూ పాడేరు ఏజెన్సీ వాళ్లమే. ఆశ్రమ పాఠశాలల్లో చదువుకున్నాం. విశాఖపట్నంలో కెమికల్ ఇంజనీరింగ్ చేశాం. ఇప్పుడు మందుల కంపెనీల్లో ప్రాసెస్ డెవలప్‌మెంట్ అనే విభాగంలో పనిచేస్తున్నాం. ఒకరిది ల్యాబ్, ఒకరిది ప్లాంటు, మూడో ఆమెది సేఫ్టీ. అందుకే 'నేను' అనకుండా 'మేము' అంటున్నాం. ఏది ఎవరికి జరిగిందో విడదీసి చెప్పం. విడదీస్తే ఏ కంపెనీయో తెలిసిపోతుంది. అది మాకూ మంచిది కాదు, ఇంకా అక్కడే పనిచేస్తున్న మన పిల్లలకూ మంచిది కాదు.

కార్యదర్శి గారు మమ్మల్ని పిలిచినప్పుడు 'పిల్లలకు స్ఫూర్తి కలిగేలా నాలుగు మాటలు చెప్పండి' అన్నారు. స్ఫూర్తి సంగతి మాకు తెలీదు. రోజూ మేము చేసే పని ఏమిటో, అందులో మనవాళ్లు ఎక్కడెక్కడ నిలబడి ఉన్నారో చెబుతాం. ఒక రాత్రి జరిగిన సంగతి కూడా చెబుతాం. అది చెప్పడానికే ముఖ్యంగా వచ్చాం.

ఊరికి వచ్చినప్పుడల్లా మమ్మల్ని అడిగే మాట ఒకటే. 'మందుల కంపెనీ కదా బాబూ, మోకాళ్ల నొప్పికి రెండు గోలీలు తేలేకపోయావా?' అవ్వా, మా దగ్గర గోలీలు ఉండవు. గోలీలో కలిపే అసలు మందు తెల్లటి పొడిగా డ్రమ్ముల్లో వెళ్లిపోతుంది. గోలీ వేరే చోట కడతారు. ఆ పొడిని మొదట ల్యాబ్‌లో కెమిస్టు గాజు ఫ్లాస్కులో పది గ్రాములు చేస్తాడు. కంపెనీకి కావలసింది నెలకు టన్ను. పది గ్రాములు చేసిన తీరులోనే టన్ను చేయడం కుదరదు. కుదిరేలా పద్ధతిని మార్చుకుంటూ రావడమే మా పని. ఏ ద్రావకంలో కలపాలి, ఏది ముందు పోయాలి, ఏది తర్వాత పోయాలి, ఎంత వేడి చేయాలి, కలియబెట్టే రెక్కలు ఎంత వేగంగా తిరగాలి, చల్లార్చేటప్పుడు గంటకు ఎన్ని డిగ్రీలు దించాలి, వడకట్టగా మిగిలిన నీళ్లు ఎక్కడికి పోవాలి, ఇవన్నీ తేల్చాలి. ముందు చిన్న ఫ్లాస్కు, తర్వాత ఐదు లీటర్ల గాజు పాత్ర, ఆ తర్వాత పైలట్ ప్లాంటులో వంద లీటర్లు, చివరికి రెండు మూడు వేల లీటర్ల రియాక్టరు. మెట్టు మెట్టుకీ ఏదో ఒకటి ఎదురు తిరుగుతుంది. అన్నీ తేలాక ఒక కాగితం మీద పెడతాం. దాన్ని ప్లాంటులో బ్యాచ్ షీటు అంటారు. రాత్రి షిఫ్టు ఆపరేటరు రియాక్టరు ముందు నిలబడేది ఆ కాగితం పట్టుకునే.

ఎందుకు ఎదురు తిరుగుతుందో మీకు అర్థం కావాలంటే పసుపు ఉడకబెట్టడం గుర్తు చేసుకోండి. ఇక్కడ పసుపు వెయ్యని ఇల్లు తక్కువ. ఇంటికి సరిపడా పసుపు కుండలో ఉడికిస్తే ఏ ఇబ్బందీ లేదు. నురగ వస్తుంది, పసుపు వాసనతో ఆవిరి లేస్తుంది, పుల్ల గుచ్చితే దిగుతుంది, దించేస్తాం. అదే నాలుగైదు బస్తాలు ఒకేసారి పెద్ద ఇనుప పెనంలో వేస్తే ఏమవుతుంది? అడుగున ఉన్న దుంపలు మెత్తబడి చితికిపోతాయి. పైన ఉన్నవి పచ్చిగానే ఉంటాయి. పైవి ఉడికేదాకా ఆగితే అడుగువాటి రంగు పోతుంది. అడుగువి బాగున్నప్పుడే దించితే పైవి సరిగ్గా ఎండవు. సంతలో షావుకారు కొమ్ము విరిచి చూసి ధర తగ్గిస్తాడు. కుండలోనూ పెనంలోనూ ఉన్నది అదే పసుపు, అవే నీళ్లు, అదే మంట. మారింది పరిమాణం ఒక్కటే. అందుకే తెలిసినవాళ్లు చిల్లుల తొట్టెలో కొంచెం కొంచెంగా పోసి, ఆ తొట్టెనే మరిగే నీళ్లలో ముంచి తీస్తారు. పెనం పెద్దదే, ఒక్కో విడతకు ఉడికేది మాత్రం కొంచెమే. మేము ఫ్యాక్టరీలో చేసేది చాలావరకు ఇలాంటి ఆలోచనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 'మన అవ్వలే మొదటి కెమికల్ ఇంజనీర్లు' అని కొందరు వేదికల మీద అంటుంటారు. చప్పట్లు కూడా పడతాయి. మాకు ఆ మాట నచ్చదు. అవ్వకు పసుపు క్షుణ్ణంగా తెలుసు. ఆమెకు తెలిసింది మాకు తెలియదు. కానీ పసుపు పెనం పేలదు. మేము పనిచేసే పెనాలు పేలతాయి. తేడా అక్కడుంది. ఆ తేడాను పొగడ్తతో కప్పేస్తే మన పిల్లలకే నష్టం.

పసుపు పెనానికి వేడి కింద నుంచి వస్తుంది. మంట ఆపితే ఆగిపోతుంది. మా రియాక్టర్లలో చాలాసార్లు వేడి లోపలే పుడుతుంది. రెండు పదార్థాలు కలిస్తే వాటంతట అవే వేడెక్కుతాయి. ఆ వేడి పాత్ర గోడ గుండానే బయటికి పోవాలి. గోడ చుట్టూ జాకెట్ ఉంటుంది, అందులో చల్లని నీళ్లు తిరుగుతుంటాయి. ఇప్పుడు లెక్క చూడండి. ఒక లీటరు గుండ్రటి ఫ్లాస్కును అదే ఆకారంలో వెయ్యి లీటర్లకు పెంచామనుకోండి. లోపలి సరుకు వెయ్యి రెట్లు పెరిగింది. పుట్టే వేడి వెయ్యి రెట్లు. గోడ మాత్రం వంద రెట్లే పెరుగుతుంది. అంటే లీటరు సరుకుకు ఉన్న గోడ పదోవంతుకు పడిపోయింది. ల్యాబ్‌లో ఐసు గిన్నెలో పెట్టి పది నిమిషాల్లో పోసేసిన పదార్థాన్ని ప్లాంటులో నాలుగైదు గంటల పాటు సన్నటి ధారగా పోసేది అందుకే. ధార ఆపితే వేడి ఆగాలి. అలా ఆగేలా పద్ధతిని తయారు చేస్తే అది మంచి పద్ధతి. ఆపినా ఆగకపోతే, పోసింది లోపల పేరుకుపోయి ఉందన్నమాట.

చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ తప్పు చేస్తారు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అని ఒక చిన్న కంపెనీ ఉండేది. పెట్రోలులో కలిపే ఒక పదార్థం తయారు చేసేవాళ్లు. ఒక లీటరు పాత్రలో చేసి చూసిన పద్ధతిని నేరుగా తొమ్మిది వేల లీటర్లకు పైబడిన రియాక్టరులో పెట్టారు. మధ్యలో చిన్న ప్లాంటు మెట్టు లేదు. 174 బ్యాచ్‌లు నడిచాయి. 2007 డిసెంబరు 19న 175వ బ్యాచ్‌లో చల్లని నీళ్లు సరిగ్గా అందలేదు. నీళ్లకు మరో దారి పెట్టుకోలేదు. వేడి పెరిగింది. ఆ వేడికి లోపల రెండో చర్య మొదలైంది. సోడియం లోహం ద్రావకంతోనే కలవడం మొదలుపెట్టింది. అలాంటి చర్య ఒకటి ఉందనే వాళ్లు గుర్తించలేదు. రియాక్టరు పేలి నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. చనిపోయిన వాళ్లలో కంపెనీ యజమానుల్లో ఒకరు ఉన్నారు. ఆయన కెమికల్ ఇంజనీరే. విచారణ చేసిన సంస్థ, కెమికల్ ఇంజనీరింగ్ చదువులో ఇలాంటి ప్రమాదాల గురించి తప్పకుండా బోధించాలని సిఫారసు చేసింది. మేము కాలేజీలో ఉండగా ఈ కథ మాకెవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక, మూడో ఏడాదిలో తెలిసింది. 174 సార్లు పేలకుండా నడిచింది అన్న మాట మా మనసులో అలాగే ఉండిపోయింది. 'ఇన్నాళ్లూ ఏమైంది? ఏమీ కాలేదుగా' అని ప్లాంటులో ఎవరన్నా అన్నప్పుడల్లా ఆ అంకె గుర్తొస్తుంది.

ఇక ఆ రాత్రి సంగతి.

చర్య పేరు గ్రిన్యార్డ్. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన పిల్లలు ఆ పేరు వినే ఉంటారు. విక్టర్ గ్రిన్యార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తకు దీనికే 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. మెగ్నీషియం తురుమును టీహెచ్ఎఫ్ అనే ద్రావకంలో వేసి, దాని మీద హాలైడ్‌ను పోస్తారు. ఈ చర్యకు ఒక మొండితనం ఉంది. వెంటనే మొదలు కాదు. మెగ్నీషియం మీద సన్నటి పొర ఉంటుంది. ద్రావకంలో కొంచెం తేమ ఉన్నా చాలు, ఉలకదు పలకదు. అయోడిన్ పలుకులు వేసి, కొంచెం వెచ్చబెట్టి కదిలిస్తాం. ఒకసారి ఎక్కిందంటే మాత్రం బోలెడు వేడి. అందుకని హాలైడ్‌లో పదో వంతు మాత్రం ముందు పోసి ఆగాలి. చర్య మొదలైందని తేలాకే మిగిలింది సన్నగా పోయాలి. మొదలు కాకుండానే మిగిలిందంతా పోశామనుకోండి, అదంతా లోపల ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అరగంటకో గంటకో ఎక్కుతుంది. అప్పుడు అంతా ఒక్కసారే ఎక్కుతుంది. టీహెచ్ఎఫ్ 66 డిగ్రీలకే మరుగుతుంది. మా లెక్క ప్రకారం ఆ వేడి సరుకును వంద డిగ్రీలకు పైగా లేపగలదు. దాని ఆవిరికి నిప్పు అంటుకోవడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

ఇదంతా మాకు తెలుసు. ల్యాబ్‌లో కెలోరీమీటరు పెట్టి వేడి కొలిచాం. రిపోర్టు రాశాం. బ్యాచ్ షీటులో ఇంగ్లీషులో ఒక వాక్యం పెట్టాం. చర్య మొదలైందని నిర్ధారించుకుని ముందుకు సాగాలి, ఉష్ణోగ్రత పెరుగుదలను గమనించాలి అని దాని అర్థం. చక్కటి వాక్యం. ఆడిట్‌కి వచ్చినవాళ్లు కూడా బాగుందన్నారు.

ప్లాంటులో అది ఐదో బ్యాచ్. రాత్రి రెండు దాటాక ఫోను మోగింది. చేసింది మన కుర్రాడే. హుకుంపేట వైపు. పదో తరగతి తర్వాత ఐటీఐ చేసి, కాంట్రాక్టు హెల్పరుగా చేరి, అప్పటికి ఆరు నెలల కిందటే ఆపరేటరు అయ్యాడు.

'అన్నా, ఇది ఎక్కలేదన్నా. ఇన్‌ఛార్జి సారు మిగతాది పొయ్యమంటన్నారు. నేను పొయ్యను.'

మేము నిద్రలో ఉన్నాం. 'టెంపరేచర్ ఎంత?' అని అడిగాం.

'ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై ఒకటి అయింది.'

'మూడు డిగ్రీలు పెరిగింది కదా. ఇనిషియేషన్ వచ్చినట్టే. మెల్లగా పొయ్యి.'

ఈ మాట అన్నది మేమే. ఇన్‌ఛార్జి మీద నెట్టేయడానికి లేదు. పద్ధతి తయారు చేసిన వాళ్లం, వేడి కొలిచిన వాళ్లం, ఆ కాగితం రాసిన వాళ్లం, మేమే 'పొయ్యి' అన్నాం.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు. 'గ్లాసులో ఎరుపు పోలేదన్నా. పైన కండెన్సర్లో సుక్క కూడా పళ్లేదు. లోన నాలుగు బ్యాచ్‌లూ ఎరుపు పోయింది, సూరు నీళ్లలాగ సుక్కలు పడ్డాయి. ఇది అలా నేదు. పొయ్యాలంటే నువ్వొచ్చి పొయ్యి.'

ఆ చివరి మాటకు కోపం వచ్చింది. కోపంతోనే బండి తీశాం. నలభై నిమిషాల దారి. చేరేసరికి పంపు ఆపేసి, వాల్వు మూసేసి, దాని పక్కనే నిలబడి ఉన్నాడు. ఇన్‌ఛార్జి అరిచి అరిచి ఆఫీసులో కూర్చున్నాడు. సైట్ గ్లాసులో లైటు వేసి చూశాం. అయోడిన్ ఎరుపు అలాగే ఉంది. చర్య మొదలైతే ఆ రంగు నిమిషాల్లో విరిగిపోతుంది. మరి ఆ మూడు డిగ్రీలు ఎక్కడివి?

అది తెలుసుకోవడానికి తెల్లారింది. రియాక్టరు రెండు వేల లీటర్లది. మొదట పోసిన ద్రావకం మూడు వందల యాభై లీటర్లు. రెక్కలు తిరిగేటప్పుడు ద్రవం మధ్యలో గుంటపడి అంచులకు లేస్తుంది. పై నుంచి దిగే థర్మామీటరు గొట్టం ఆ గుంట దాకా అందడం లేదు. గాలిలో వేలాడుతోంది. జాకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు తిరుగుతున్నాయి కాబట్టి లోపలి ఆవిరి మూడు డిగ్రీలు వెచ్చబడింది. అంతే. మొదటి నాలుగు బ్యాచ్‌లలోనూ థర్మామీటరు తడవలేదు. అప్పుడు చర్య తనంతట తాను బాగా ఎక్కి, ఆవిరి వేడి తగిలి అంకె పెరిగింది. మేము దాన్ని చూసి సంతోషించాం. ల్యాబ్‌లో థర్మామీటరు చేత్తో ముంచుతాం కాబట్టి ఈ ఆలోచనే రాలేదు. చర్య ఎక్కకపోవడానికి కారణం కూడా దొరికింది. ద్రావకం ట్యాంకులో తేమ పరీక్ష పాసైంది. కానీ ట్యాంకు నుంచి రియాక్టరుకు వచ్చే గొట్టంలో అంతకు ముందు కడిగిన నీళ్లు కొన్ని నిలిచిపోయాయి.

అతను మా మాట విని పోసి ఉంటే ఆ గదిలో ఆరుగురు ఉన్నారు. వాళ్లలో నలుగురు ఏజెన్సీ పిల్లలు.

ఇక్కడితో కథ ఆపితే మీరు చప్పట్లు కొట్టి భోజనాలకు లేస్తారు. తర్వాత జరిగింది కూడా చెప్పాలి. రెండు రోజుల తర్వాత అతనికి మెమో ఇచ్చారు, సూచనలు పాటించకుండా ఉత్పత్తికి అంతరాయం కలిగించాడని. దానికి జత చేసిన నోట్‌లో సాంకేతిక విభాగం తరఫున సంతకం ఉండాలి. ఆ సంతకం మేము పెట్టాం. నోట్‌లో అబద్ధం ఏమీ లేదు. ఆపరేటరు సూచనను అమలు చేయలేదు, నిజమే. ఆ సూచన తప్పన్న వాక్యం మాత్రం అందులో లేదు. పై అధికారి 'అది తర్వాత విడిగా రాద్దాం' అన్నాడు. మేము సరే అన్నాం. ఉద్యోగం పర్మనెంటు కావడానికి అప్పటికి నాలుగు నెలలు ఉంది.

విడిగా రాయడానికి పదకొండు రోజులు పట్టింది. థర్మామీటరు బొమ్మ గీసి, ద్రవం మట్టం గీసి, ఫోనులో మేము ఏమన్నామో కూడా రాసి ఇచ్చాం. ఆ రిపోర్టు వల్ల గొట్టం పొడవు పెంచారు, మొదటి ద్రావకం ఐదు వందల లీటర్లు చేశారు. మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు. అతను ఆ ఏడాది ఇటుకల పండగకు ఊరెళ్లి మళ్లీ ఆ కంపెనీకి రాలేదు. ఇప్పుడు వేరే చోట ఆపరేటరు. ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, వేదిక మీదికి రమ్మంటే రానన్నాడు. ఆ పదకొండు రోజుల గురించి మేము అతనితో మాట్లాడగలిగింది మూడేళ్ల తర్వాత.

2020 మే 7 వేకువన విశాఖలో ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి స్టైరీన్ ఆవిరి వచ్చినప్పుడు మీరంతా టీవీలో చూశారు. రోడ్ల మీద మనుషులు పడిపోవడం, పశువులు పడిపోవడం చూశారు. లాక్‌డౌన్‌లో ట్యాంకు కదలకుండా ఉంది. స్టైరీన్ నిలవ ఉంటే తనలో తాను కలిసి గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. ట్యాంకు అడుగు భాగంలో వేడి కొలిచే ఏర్పాటు ఉంది. పైన వేడెక్కిన పొర సంగతి ఆ థర్మామీటరుకు తెలియలేదు. విచారణ కమిటీ నివేదికలో ఆ ముక్క చదివినప్పుడు మా ముగ్గురికీ ఒకటే గుర్తొచ్చింది. అక్కడ పైన లేదు, మా దగ్గర కిందికి అందలేదు. అంకె చూపించే మీటరు ఉంది కాబట్టి అంకె నిజమనుకున్నాం.

ఆ తర్వాత నుంచి కొత్త పద్ధతి ప్లాంటుకు ఇచ్చే ముందు మేము ఒక పని చేస్తున్నాం. రియాక్టరు దగ్గర నిలబడి, ఆపరేటర్లను పక్కన పెట్టుకుని, నీళ్లు పోసి ఉత్తుత్తి బ్యాచ్ నడుపుతాం. ఏ మట్టానికి థర్మామీటరు తడుస్తుంది, ఏ మట్టానికి రెక్కలు తగులుతాయి, సైట్ గ్లాసులో ఎక్కడిదాకా కనబడుతుంది, అన్నీ వాళ్లే చెబుతారు. ఇలా నీళ్లతో నడపడం మేము కనిపెట్టిందేమీ కాదు. పాత ఇంజనీర్లు ఎప్పటి నుంచో చేస్తున్నదే. తొందరలో మానేస్తారు, అంతే.

రెండోది కాగితం. 'నిర్ధారించుకుని ముందుకు సాగాలి' అంటే ఏం చెయ్యాలి? ఏం చూసి నిర్ధారించుకోవాలి? ఆ వాక్యం రాసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. దాన్ని తెలుగులో ఇలా మార్చాం: 'సైట్ గ్లాసులో ఎరుపు పోవాలి. కండెన్సరు గ్లాసులో చుక్కలు పడాలి. రెండూ కనబడకపోతే పోయవద్దు. ఎవరు చెప్పినా పోయవద్దు.' క్వాలిటీ వాళ్లు అధికారిక షీటు ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. సరే, ఇంగ్లీషు షీటు సరిచేసి, తెలుగుది ప్లాస్టిక్ తొడుగు వేసి రియాక్టరు పక్కన కట్టాం. 'ఎవరు చెప్పినా' అన్న మాట మీద మాత్రం మూడు మీటింగులు జరిగాయి. క్రమశిక్షణ పోతుందన్నారు. ఆ రాత్రి 'పొయ్యి' అన్నది మేమే అని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. చివరికి మాట ఉంచారు. ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలకు తెలుగు చదవడం కన్నా ఆదివాసీ ఒడియాలో వినడం తేలిక. వాళ్లకు పక్కవాడు నోటితో చెబుతాడు. దానికి ఏ కంపెనీ ఫైల్లోనూ చోటు లేదు.

మా పనిలో మరో ముఖ్యమైన సంగతి ఉంది. క్లుప్తంగా చెబుతాం. ఒక కిలో మందు పొడి బయటికి వచ్చేసరికి ఎంత వ్యర్థం మిగులుతుందో ఊహించండి. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1990ల మొదట్లో ఈ లెక్క వేశాడు. పెట్రోలు శుద్ధి చేసే చోట కిలోకు వంద గ్రాములు. మందుల దగ్గర కిలోకు ఇరవై ఐదు నుంచి వంద కిలోలు, ఇంకా ఎక్కువ కూడా. వాడిన ద్రావకాలు, కడిగిన నీళ్లు, ఉప్పులు. శుద్ధి చేసే ప్లాంటు ఎంత మంచిదైనా, ఎంత వ్యర్థం పుడుతుందన్నది తేలేది మా ల్యాబ్ బల్ల దగ్గరే. నాలుగు సార్లు కడగాలా రెండు చాలా? డైక్లోరోమీథేన్ వాడాలా, ఇథైల్ ఎసిటేట్‌తో పని జరుగుతుందా? టోలుయీన్‌ను వడబట్టి మళ్లీ వాడొచ్చా? కొండ మీద మన వాగు పాడైతే మనకు ఎలా ఉంటుందో, కింద సముద్రం ఒడ్డున వలలు వేసుకునే వాళ్లకూ అలాగే ఉంటుంది. ఒక మందు తయారీలో నాలుగు కడుగుళ్లను రెండు చేయడానికి మాకు ఐదు నెలలు పట్టింది. ఎవరూ శాలువా కప్పలేదు. కానీ ఈ ఉద్యోగంలో మాకు రాత్రి నిద్ర పట్టించే పనులు అవే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో మనవాళ్లు ఎందరున్నారో మీకే బాగా తెలుసు. కాఫీ పళ్లు కోత అయిపోయాక బస్సులెక్కి దిగేవాళ్లు కొందరు, ఏడాదంతా ఉండేవాళ్లు కొందరు. మేము పనిచేసిన చోట్ల డ్రమ్ము ఎత్తి పోసేవాళ్లలో మనవాళ్లు చాలామంది కనిపించారు. ఏం పోయాలో రాసేవాళ్లలో మా ముగ్గుర్నీ కలుపుకుని ఒక చేతి వేళ్లు చాలు. ఈ లెక్క మారాలి. పది చదివిన పిల్లలు ఐటీఐతో, పాలిటెక్నిక్‌తో ఆగిపోవద్దని మేము అనడం లేదు. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది ఐటీఐ చదివిన కన్ను. కానీ అతని పక్కన సంతకం పెట్టే చోట కూడా మనవాళ్లు ఉండాలి, ఉన్నవాళ్లు మాలాగా పదకొండు రోజులు ఆగకూడదు. ఆడపిల్లల్ని కెమికల్ ఇంజనీరింగ్‌కి పంపడానికి భయపడే తల్లిదండ్రులకు మా మూడో ఆమె సమాధానం చెబుతుంది. నైట్ షిఫ్టు గురించి, హాస్టలు గురించి, అసలు ప్లాంటులో ఆడవాళ్లకు బాత్‌రూము ఎంత దూరమో కూడా దాచకుండా చెబుతుంది.

ఒక్క విన్నపం. భోజనాలయ్యాక మేము బడి వరండాలో కూర్చుంటాం. ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు రండి. కంపెనీ పేరు చెప్పక్కర్లేదు. మీరు రోజూ పోసే డ్రమ్ము మీద ఏం పేరు రాసి ఉంటుందో అది ఒక కాగితం మీద రాసుకు రండి, అక్షరాలు తప్పు పోయినా పరవాలేదు. అది ఒంటి మీద పడితే ఏం చెయ్యాలో, దేనితో కలవకూడదో, వాసన వస్తే ఎటు పరుగెత్తాలో కూర్చుని చూద్దాం. ఒక పాత గాజు ఫ్లాస్కు, థర్మామీటరు కూడా తెచ్చాం. పిల్లలు ముట్టుకుని చూడొచ్చు. సాయంత్రం ఐదు గంటల బస్సుకు మేము వెళ్లిపోతాం, అందాకా అక్కడే ఉంటాం.